ఫ్లాస్క్-రెస్టెక్స్‌ని డెబియన్ ప్యాకేజీ చేస్తున్నారా? ఎక్కడెక్కడ మొరాయిస్తుందో, ఏం చేయాలో

పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే సాధనం) నిమిషంలో ఇన్‌స్టాల్ అయ్యే లైబ్రరీ డెబ్ ప్యాకేజీ చేద్దామనేసరికి సతాయిస్తుంది. లైబ్రరీ రాసినవాళ్ల మెషీన్‌లో నెట్ ఉంటుంది, ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే సాధనం) ఉంటుంది, తమకు నచ్చిన వెర్షన్లు ఉంటాయి. డెబియన్ బిల్డ్ మెషీన్‌లో ఈ మూడూ ఉండవు, గొడవంతా అక్కడే. ఇక్కడ ఉదాహరణగా ఫ్లాస్క్-రెస్టెక్స్ తీసుకున్నా. ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మీద ఏపీఐలు రాసుకుంటే వాటికి స్వాగర్ (ఏపీఐని వర్ణించే ఫార్మాట్) డాక్యుమెంటేషన్ కూడా దానంతటదే తయారుచేసి పెట్టే లైబ్రరీ ఇది, పాత ఫ్లాస్క్-రెస్ట్‌ప్లస్ నుంచి 2020లో విడిపోయి వచ్చింది. మీరు వేరే ఏపీఐ లైబ్రరీ చేస్తున్నా సగం సమస్యలు ఇవే వస్తాయి. డెబ్‌హెల్పర్ (డెబియన్ ప్యాకేజీలు తయారుచేసే సాధనం), పైబిల్డ్ (అందులో పైథాన్ లైబ్రరీల బిల్డ్, టెస్టులు చూసుకునేది) కొంచెం తెలుసనుకుని రాస్తున్నా.

సమస్య: ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్, ఎస్‌బిల్డ్‌లో (శుభ్రమైన, విడి వాతావరణంలో ప్యాకేజీ బిల్డ్ చేసే సాధనం) మాత్రం ఒకటి రెండు ఫెయిల్

ముందు లాగ్‌లో 127.0.0.1:9 అని కనిపిస్తోందేమో వెతకండి. కనిపిస్తే టెస్ట్ నెట్‌లోకి వెళ్లబోయిందని అర్థం. పైబిల్డ్ కావాలనే ప్రాక్సీని ఆ అడ్రస్‌కి తిప్పి పెడుతుంది, అక్కడ వినేవాళ్లెవరూ ఉండరు కాబట్టి కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తుంది. ప్రాక్సీ ఎందుకు పాడైందా అని దాని వెంట పడకండి, అది పాడవలేదు.

రెస్టెక్స్‌లో ఇంకో రకం కూడా ఉంది, ఇది ప్రాక్సీకి చిక్కదు. ఇన్‌పుట్స్ మాడ్యూల్‌లో ఈమెయిల్, యూఆర్ఎల్ సరిచూసే ఫంక్షన్లకి చెక్ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఆ డొమైన్ నిజంగా ఉందా లేదా అని డీఎన్ఎస్‌ని అడుగుతుంది. దాన్ని పరీక్షించే టెస్టులు నెట్ లేనిచోట కచ్చితంగా పడిపోతాయి. మీ ల్యాప్‌టాప్‌లో వైఫై ఉంది కాబట్టి మీకు తెలియలేదు, అంతే.

పరిష్కారం: ఆ టెస్టుల్ని మాత్రమే వదిలేయండి. రూల్స్ ఫైల్‌లో పైటెస్ట్‌కి వెళ్లే ఆర్గ్యుమెంట్లలో వాటి పేర్లు రాసి, పైన ఎందుకో ఒక లైను కామెంట్ పెట్టండి. టెన్షన్‌లో టెస్టులన్నీ ఆపేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, కింద చెప్పే సమస్యని పట్టిచ్చేది ఆ టెస్టులే. బిల్డ్ చేసేటప్పుడు ఆ మెషీన్‌లోనే మొదలుపెట్టిన సర్వీస్‌తో లూప్‌బ్యాక్ మీద మాట్లాడటం తప్ప నెట్ వాడకూడదని డెబియన్ పాలసీలోనే ఉంది కాబట్టి ఈ విషయంలో వాదించి లాభం లేదు.

సమస్య: ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతోంది, వెర్క్‌జగ్‌లోనో (ఫ్లాస్క్ ఆధారపడే లైబ్రరీ) ఫ్లాస్క్‌లోనో ఫలానా పేరు లేదంటోంది

ఎక్కువ టైమ్ తినేది ఇదే.

పిప్ అయితే ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో వెర్షన్ తెచ్చి పెడుతుంది. డిస్ట్రిబ్యూషన్‌లో వెర్క్‌జగ్ ఒక్కటే, అందరూ దానితోనే సర్దుకోవాలి. ఏ పేరు లేదంటోందో చూస్తే ఏ వెర్షన్ దగ్గర విరిగిందో చెప్పేయొచ్చు. క్యాష్డ్ ప్రాపర్టీ దొరకలేదంటే అది 2020 ఫిబ్రవరిలో వచ్చిన వెర్క్‌జగ్ 1.0 పని, అప్పట్నుంచి దాన్ని యుటిల్స్ మాడ్యూల్ నుంచి ఇంపోర్ట్ చేసుకోవాలి. పాత రెస్ట్‌ప్లస్‌ని చాలామందికి పనికిరాకుండా చేసింది కూడా ఈ ఒక్క లైనే. బేస్ రెస్పాన్స్ దొరకలేదంటే 2022లో వచ్చిన 2.1, అక్కడ దాన్ని తీసేశారు, మామూలు రెస్పాన్స్ క్లాస్ వాడాలి. వ్యూ ఫంక్షన్ నుంచి ఎండ్‌పాయింట్ పేరు తీసే ఫంక్షన్ ఒకటుంది, అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది, అంటే ఫ్లాస్క్ తన సొంతానికి దాచుకున్నది. అది మొదట హెల్పర్స్‌లో ఉండేది, తర్వాత స్కాఫోల్డ్‌లోకి వెళ్లింది, 2023లో ఫ్లాస్క్ 3.0 వచ్చేసరికి శాన్స్‌ఐఓ కింద ఉన్న స్కాఫోల్డ్‌లోకి మారింది. వాళ్లు దాచుకున్నదాన్ని మనం వాడితే వాళ్లు చెప్పకుండానే ఇల్లు మారుస్తారు, తప్పు వాళ్లది కాదు.

పరిష్కారం: ప్యాచ్ రాసే ముందు అప్‌స్ట్రీమ్ (లైబ్రరీ అసలు రచయితల) గిట్‌లో చూడండి, చాలాసార్లు మార్పు అక్కడ ఉండే ఉంటుంది, రిలీజ్ మాత్రం అయి ఉండదు. ఆ కమిట్‌ని క్విల్ట్ (ప్యాచ్‌ల వరుసను చూసుకునే సాధనం) ప్యాచ్‌గా తెచ్చుకుని, ఎక్కడ్నుంచి తెచ్చారో పైన హెడర్‌లో రాయండి. మీరే రాస్తే అప్‌స్ట్రీమ్‌కి పంపండి, లేకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కీ ఆ ప్యాచ్‌ని మీరే మోయాలి. సెటప్ ఫైల్‌లో వెర్క్‌జగ్ ఫలానా వెర్షన్‌కి లోపే ఉండాలని గీత గీసి ఉంటే దాన్నీ సడలించాలి, కానీ టెస్టులు పాసయ్యాకే. ముందే సడలిస్తే బిల్డ్ పచ్చగా కనిపిస్తుంది, వాడేవాళ్ల దగ్గర పగులుతుంది.

సమస్య: ఏపీఐ పనిచేస్తోంది, డాక్యుమెంటేషన్ పేజీ మాత్రం తెల్లగా ఖాళీగా వస్తోంది

బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. స్వాగర్ జేసన్ చక్కగా వస్తూ, స్వాగర్ యూఐ జావాస్క్రిప్ట్ బండిల్‌కి 404 వస్తోందంటే దొంగ దొరికినట్టే. ఆ ఫైళ్లు రెస్టెక్స్ గిట్‌లో ఉండవు, రిలీజ్ చేసేటప్పుడు ఎన్‌పీఎం నుంచి తెచ్చి స్టాటిక్ ఫోల్డర్‌లో పెడతారు. మీరు గిట్ టార్‌బాల్ నుంచి బిల్డ్ చేస్తే అవి రావు. పైథాన్ టెస్టులు బ్రౌజర్ తెరవవు కాబట్టి అన్నీ పాసవుతాయి కూడా.

వెంటనే తోచే ఉపాయం ఆ మినిఫైడ్ (కుదించిన, మనుషులు చదవలేని) ఫైల్ తెచ్చి డెబియన్ ఫోల్డర్‌లో పడేయడం. సోర్స్ ఏదని లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే సాధనం) అడుగుతుంది, అది ఊరుకున్నా ఎఫ్‌టీపీ మాస్టర్లు (కొత్త ప్యాకేజీలను పరిశీలించి ఆర్కైవ్‌లోకి అనుమతించే డెబియన్ బృందం) ఊరుకోరు. రెండో ఉపాయం సీడీఎన్ (ఫైళ్లు అందించే బయటి సర్వర్) లింక్ ఇవ్వడం. దానికి యూజర్ ప్రైవసీకి భంగమని లింటియన్ ఇంకో ట్యాగ్ వేస్తుంది, ఈ విషయంలో నేను లింటియన్ వైపే. స్వాగర్ యూఐని సోర్స్ నుంచే బిల్డ్ చేద్దామా అంటే రియాక్ట్, వెబ్‌ప్యాక్, వాటి వెనకాల ఎన్‌పీఎం పటాలం మొత్తం దిగుతుంది. ఒక్క లైబ్రరీ కోసం అంత పని పెట్టుకోవద్దనే నా సలహా.

పరిష్కారం: యూఐ లేకుండానే ఇవ్వండి. టెంప్లేట్స్‌లో ఉన్న స్వాగర్ యూఐ పేజీని ప్యాచ్ చేసి, ఖాళీ తెరకి బదులు "ఈ ప్యాకేజీలో యూఐ లేదు, జేసన్ ఇక్కడుంది" అని ఒక లింక్ చూపించండి. రీడ్‌మీ డెబియన్‌లో కూడా అదే రాసి, సొంత పేజీ కావాలనుకునేవాళ్లకి ఏపీఐ ఆబ్జెక్ట్‌లో డాక్యుమెంటేషన్ అనే డెకరేటర్ ఉందని గుర్తుచేయండి. పైపీఐ నుంచి తెచ్చిన టార్‌బాల్‌లో ఆ మినిఫైడ్ ఫైళ్లు వచ్చేసి ఉంటే, కాపీరైట్ ఫైల్‌లో ఫైల్స్ ఎక్స్‌క్లూడెడ్ కింద రాసి యూస్కాన్‌తో (అప్‌స్ట్రీమ్ టార్‌బాల్ తెచ్చే సాధనం) రీప్యాక్ చేయాలి. గిట్ టార్‌బాల్‌తో ఆ బాధ లేదు.

చిన్నవి, కానీ వస్తూనే ఉంటాయి

బిల్డ్ బాగానే అయింది, వేరే మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్ట్ చేస్తే మాడ్యూల్ లేదంటోంది: కంట్రోల్ ఫైల్‌లో బైనరీ ప్యాకేజీ డిపెండ్స్‌లో పైథాన్3 డిపెండ్స్ అనే వేరియబుల్ మర్చిపోయి ఉంటారు. బిల్డ్ డిపెండ్స్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టి బిల్డ్‌లో బయటపడదు. టెస్ట్‌సూట్ ఫీల్డ్‌లో పైబిల్డ్ ఆటోప్యాకేజ్‌టెస్ట్ పెట్టుకుంటే ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ మీదే టెస్టులు నడిచి, అప్‌లోడ్‌కి ముందే పట్టిస్తుంది.

టెస్ట్స్ ఫోల్డర్ వేరే ప్యాకేజీలో కూడా ఉందని డీప్యాకేజీ (డెబ్ ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసే సాధనం) ఇన్‌స్టాల్ ఆపేస్తోంది: ప్యాకేజీలు వెతికే లైన్‌లో టెస్ట్స్‌ని మినహాయించలేదు, అందుకే డిస్ట్ ప్యాకేజెస్‌లోకి నేరుగా అదే పేరుతో ఒక ఫోల్డర్ వెళ్లిపోయింది. ఆ లైన్‌ని ప్యాచ్ చేయండి, అప్‌స్ట్రీమ్‌కి పంపితే సంతోషంగా తీసుకుంటారు.

మొదటిసారి బిల్డ్ అయింది, రెండోసారి అప్‌స్ట్రీమ్ ఫైళ్లు మారాయని డీప్యాకేజీ సోర్స్ (సోర్స్ ప్యాకేజీ తయారుచేసే సాధనం) ఆగిపోతోంది: టార్‌బాల్‌తో పాటు వచ్చిన ఎగ్-ఇన్ఫో ఫోల్డర్‌ని (పైథాన్ ప్యాకేజీ వివరాలుండేది) బిల్డ్ తిరగరాసింది. డెబియన్ ఫోల్డర్‌లో క్లీన్ అనే ఫైల్ పెట్టి, అందులో ఆ ఫోల్డర్ పేరు చివర స్లాష్‌తో రాయండి. తీసేసిన ఫైళ్ల గురించి డీప్యాకేజీ సోర్స్ వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది, మారిన ఫైళ్ల దగ్గరే ఆగిపోతుంది.