సబ్‌మెరైనర్‌తో రెండు కుబర్నెటీస్ క్లస్టర్లను కలపడం ఎలా?

అప్లికేషన్ ముంబై డేటాసెంటర్‌లోని కుబర్నెటీస్ క్లస్టర్‌లో (కంటైనర్లను నడిపే సర్వర్ల గుంపులో) నడుస్తోంది, దానికి కావాల్సిన డేటాబేస్ హైదరాబాద్ క్లస్టర్‌లో ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ప్రతి సర్వీసుకూ ఒక పబ్లిక్ లోడ్ బ్యాలెన్సర్ పెట్టేస్తారు. ఖర్చు పెరుగుతుంది, లోపల ఉండాల్సిన డేటాబేస్ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడుతుంది. సబ్‌మెరైనర్ ఈ రెండు క్లస్టర్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్ వేస్తుంది. 2019లో రాంచర్ ల్యాబ్స్ దీన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. 2021లో ఇది క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే సంస్థ సీఎన్‌సీఎఫ్ శాండ్‌బాక్స్‌లో (తొలి దశ ప్రాజెక్టుల జాబితాలో) చేరింది.

1. ముందు అడ్రసులు చూసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కైండ్‌తో (లాప్‌టాప్‌లో డాకర్ మీద పరీక్ష క్లస్టర్లు చేసే టూల్) ఏ ఆప్షనూ ఇవ్వకుండా రెండు క్లస్టర్లు చేస్తే రెండిటికీ పాడ్ (కంటైనర్లు నడిచే చిన్న యూనిట్) ఐపీ అడ్రసుల రేంజ్ 10.244.0.0/16, సర్వీస్ రేంజ్ 10.96.0.0/16 వస్తాయి. అప్పుడు 10.244.1.7కి వెళ్లాల్సిన ప్యాకెట్ ఏ క్లస్టర్‌కు చెందిందో ఎవరికీ తెలియదు. కొత్తగా క్లస్టర్లు కడుతుంటే వేర్వేరు రేంజ్‌లు ఇవ్వండి. ఒకసారి కట్టాక పాడ్ రేంజ్ మార్చడం చాలా పెద్ద పని.

ఇప్పటికే నడుస్తున్న క్లస్టర్లలో రేంజ్‌లు ఢీకొంటుంటే సబ్‌మెరైనర్‌లోనే ఉన్న గ్లోబల్‌నెట్ అనే భాగం వాడాలి. అది 242.0.0.0/8లోంచి ఒక్కో క్లస్టర్‌కు ఒక్కో భాగం ఇచ్చి అడ్రసులు మారుస్తుంది. పని జరుగుతుంది కానీ, సమస్య వచ్చినప్పుడు వెతకాల్సిన పొర ఒకటి పెరుగుతుంది. తప్పనిసరైతేనే వాడండి.

2. లాప్‌టాప్‌లో బిల్డ్ చేసి చూడండి

డాకర్, గిట్, మేక్ ఉంటే చాలు. కోడ్ గో భాషలో ఉన్నా మీ మెషీన్‌లో గో అవసరం లేదు. బిల్డ్ అంతా కంటైనర్‌లోనే జరుగుతుంది. గిట్‌హబ్ నుంచి సబ్‌మెరైనర్ రిపాజిటరీని క్లోన్ చేసి, ఆ ఫోల్డర్‌లో 'మేక్ డిప్లాయ్' కొట్టండి. ఇమేజ్‌లు తయారై, కైండ్ క్లస్టర్లు లేచి, వాటిలో సబ్‌మెరైనర్ దిగుతుంది. వాటి కుబ్‌కాన్ఫిగ్ ఫైళ్లు (క్లస్టర్‌కు కనెక్ట్ అయ్యే వివరాలు ఉండేవి) అవుట్‌పుట్ ఫోల్డర్‌లో ఉంటాయి. పని అయ్యాక 'మేక్ క్లీన్-క్లస్టర్స్' కొడితే ఆ క్లస్టర్లు పోతాయి.

లైనక్స్‌లో క్లస్టర్లు సగంలో ఆగిపోయి, 'ఫైళ్లు మరీ ఎక్కువ తెరిచారు' అనే అర్థంలో ఎర్రర్ వస్తే ఐనోటిఫై (ఫైళ్లలో మార్పులను గమనించే లైనక్స్ సదుపాయం) పరిమితులు పెంచండి. వాచ్‌లకు 524288, ఇన్‌స్టెన్స్‌లకు 512 ఇస్తే సరిపోతుంది.

3. అసలు క్లస్టర్లలో పెట్టండి

సబ్‌సీటీఎల్ అనే కమాండ్‌లైన్ టూల్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఒక క్లస్టర్‌లో 'డిప్లాయ్-బ్రోకర్' నడపండి. గ్లోబల్‌నెట్ కావాలంటే ఈ దశలోనే చెప్పాలి. బ్రోకర్ గుండా మీ డేటా ఏదీ పోదు. ఎవరి గేట్‌వే (టన్నెల్ మొదలయ్యే నోడ్, అంటే క్లస్టర్‌లోని ఒక సర్వర్) ఎక్కడుందో క్లస్టర్లు ఒకదానికొకటి చెప్పుకునే చోటు అది, అంతే. కాబట్టి అది కాసేపు ఆగినా అప్పటికే కలిసిన టన్నెళ్లు నడుస్తూనే ఉంటాయి. మిగతా క్లస్టర్లు మాత్రం దాని ఏపీఐ సర్వర్‌ను చేరగలగాలి.

ఈ కమాండ్ ఒక బ్రోకర్ ఇన్ఫో ఫైల్ ఇస్తుంది. అందులో టన్నెల్ రహస్య కీ, బ్రోకర్ టోకెన్ ఉంటాయి. దాన్ని పాస్‌వర్డ్‌లా దాచండి, గిట్‌లో ఎక్కించకండి.

తర్వాత ఒక్కో క్లస్టర్‌లో ఆ ఫైల్‌తో 'జాయిన్' నడపండి, క్లస్టర్ ఐడీ వేరువేరుగా ఇవ్వండి. మీరు మార్చిన కోడ్‌తో చేసిన ఇమేజ్‌లే వాడాలంటే, వాటిని మీ రిజిస్ట్రీలో ఉంచి రిపాజిటరీ, వెర్షన్ ఆప్షన్లలో ఆ వివరాలు ఇవ్వండి. గేట్‌వే నోడ్ల మధ్య యూడీపీ 4500, 4490 పోర్టులు, ఒకే క్లస్టర్ నోడ్ల మధ్య యూడీపీ 4800 తెరిచి ఉండాలి. క్లస్టర్ లోపలి నెట్‌వర్క్‌కు కాలికో వాడేవాళ్లు అవతలి క్లస్టర్ రేంజ్‌లకు ఐపీపూల్స్ (కాలికోలో అడ్రస్ రేంజ్ నమోదులు) చేసి, వాటికి అవుట్‌గోయింగ్ నాట్ (బయటకెళ్లే ప్యాకెట్ అడ్రస్ మార్చడం) ఆపాలి.

4. సర్వీస్ ఎక్స్‌పోర్ట్ చేయండి

టన్నెల్ పడినంత మాత్రాన సర్వీసుల పేర్లు అవతల కనిపించవు. ఏది కనిపించాలో దాన్ని మాత్రమే సబ్‌సీటీఎల్ 'ఎక్స్‌పోర్ట్ సర్వీస్'తో బయటపెట్టాలి. ఇది మంచి పద్ధతి, అనుకోకుండా ఏదీ బయటకు పోదు. తర్వాత సర్వీస్ పేరు, నేమ్‌స్పేస్, చివర 'ఎస్‌వీసీ.క్లస్టర్‌సెట్.లోకల్' కలిపి పిలిస్తే లైట్‌హౌస్ అనే భాగం అడ్రస్ చెబుతుంది.

'షో ఆల్' కమాండ్‌తో కనెక్షన్ల స్థితి చూడొచ్చు. 'డయాగ్నోస్ ఆల్' తప్పులు వెతుకుతుంది. 'వెరిఫై' పూర్తి పరీక్షలు నడుపుతుంది కానీ, అందులో గేట్‌వేను పడగొట్టి చూసేవి కూడా ఉన్నాయి. ప్రొడక్షన్‌లో కనెక్టివిటీ, సర్వీస్ డిస్కవరీ పరీక్షలు మాత్రమే ఎంచుకోండి.

5. పింగ్ వెళ్తోంది, డేటా రావడం లేదా?

బాగా టెన్షన్ పెట్టే సమస్య ఇది. కనెక్షన్ బాగానే ఉందని చూపిస్తుంది, చిన్న రిక్వెస్ట్‌కు జవాబొస్తుంది, పెద్ద జవాబు మాత్రం మధ్యలో వేలాడిపోతుంది. టన్నెల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ తన హెడర్లు కలపడంతో ప్యాకెట్ దారిలో పట్టే సైజు దాటిపోతుంది. డీఎన్ఎస్ మీద, అప్లికేషన్ మీద అనుమానపడి గంటలు వృథా చేసుకోకండి. గేట్‌వే నోడ్లకు 'సబ్‌మెరైనర్.ఐఓ/టీసీపీ-క్లాంప్-ఎంఎస్ఎస్' అనే యానొటేషన్‌లో (నోడ్‌కు తగిలించే సెట్టింగ్; ఇది ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా సైజును తగ్గిస్తుంది) 1200 ఇచ్చి, సబ్‌మెరైనర్ రూట్ ఏజెంట్ పాడ్‌లను రీస్టార్ట్ చేయండి. ఇది రెండు క్లస్టర్లలోనూ చేయాలి. ఆ తర్వాత కొన్ని ఎంబీల ఫైల్‌ను రెండు వైపుల నుంచీ పంపి చూడండి. పూర్తిగా చేరితే ఆ విలువను కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఎక్కడ ఆగుతుందో అక్కడికి కాస్త కింద ఉంచండి.