ఇంటర్ ప్రీఫైనల్స్‌కి ముందు మీ చదువు, మీ రాత ఒకసారి చూసుకోండి

ప్రీఫైనల్స్ దగ్గరపడ్డాయి. కొత్త చాప్టర్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

– పుస్తకం మూసి రాయగలుగుతున్నారా? అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మళ్లీ మళ్లీ చదివితే పేజీ కళ్లకు అలవాటై అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, కానీ తెల్ల కాగితం మీద ఫిజిక్స్‌లోని గాస్ నియమం రాయమంటే మూడో లైన్ దగ్గర ఆగిపోతారు, ఆ ఆగిన చోటు నుంచే మీరు చదవాల్సింది. అది పరీక్ష హాల్లో బయటపడితే సరిదిద్దుకునే టైం ఉండదు.

– గడియారం పెట్టుకుని ఒక పాత పేపర్ 3 గంటలు ఏకబిగిన రాయండి. చెయ్యి నొప్పి పుట్టి చివర్లో అక్షరాలు పాడవుతున్నాయేమో అప్పుడే తెలుస్తుంది.

– టెక్స్ట్‌బుక్‌లో హైలైటర్ పూసిన లైన్లు చూడండి. పేజీలో సగం పసుపే అయితే ఏది ముఖ్యమో మీరింకా తేల్చుకోలేదన్నమాట.

– ఫోన్ వేరే గదిలో పెట్టండి, సైలెంట్‌లో పెట్టినా చెయ్యి దానిమీదికే పోతుంది.

– రాసిన జవాబు మర్నాడు చదవండి, వీలైతే లెక్చరర్‌కి చూపించండి. యూనిట్లు, బొమ్మల్లో భాగాల పేర్లు వదిలేసే అలవాటుంటే రాసిన వెంటనే చూసుకున్నా కంటికి ఆనదు.