ఢాం అని చప్పుడు, కాళ్ల కింద అదురు: చిన్న భూప్రకంపనలు వస్తుంటే

సమస్య: పెద్ద చప్పుడుతో ఇల్లు క్షణం పాటు అదిరింది. ఫోన్‌లోని భూకంపాల యాప్‌లో మాత్రం ఏమీ లేదు.

కారణం: ప్రకంపన బాగా చిన్నది, బాగా దగ్గరది. తక్కువ లోతులో బండ జారితే అన్నిటికంటే ముందుగా వచ్చే కంపన తరంగం (పి-తరంగం) నేల దాటి గాలిలో చప్పుడవుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండ వాసులు విన్నది అలాంటిదే. ఇంత చిన్నవి జాతీయ భూకంప కేంద్రం వారి ‘భూకంప్’ యాప్‌లో కనిపించకపోవచ్చు. దగ్గర్లో క్వారీ ఉంటే పేలుడైనా కావచ్చు.

పరిష్కారం: ఫోన్‌లో టైము చూసి సెకన్లతో సహా రాసుకోండి. ఎంతసేపు అదిరింది, ఏ గిన్నె కదిలింది, పక్కింటివాళ్లకు తెలిసిందా అన్నవీ రాయండి. క్వారీ పేలుళ్లు పగటిపూట, ఇంచుమించు ఒకే వేళకు వస్తాయి. ప్రకంపనకు రాత్రీ పగలూ లేదు. వారం రోజుల లెక్క తహసీల్దారు ఆఫీసులో ఇవ్వండి.

సమస్య: రోజూ వస్తున్నాయి. “చిన్నవి వస్తే పెద్దది రాదులే” అంటున్నారు.

ఈ మాట నమ్మకండి. తీవ్రత ఒక్క అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు అవుతుంది. అంటే 5 తీవ్రత శక్తి తీరాలంటే 3 తీవ్రతవి వెయ్యి రావాలి. సూర్యాపేట జిల్లా చింతలపాలెం ప్రాంతంలో వారాల తరబడి చిన్నవి వచ్చాకే 2020 జనవరి 26 తెల్లవారుజామున 4.6 వచ్చింది.

పరిష్కారం: ఇల్లు సర్దుకోండి. ముందుగా పైకప్పు చూడండి. గాలికి లేవకుండా రేకుల మీద పెట్టిన రాళ్లు దించి, జె-బోల్టులు వేయించండి. సజ్జ మీది ఇత్తడి బిందెలు, రోకలి నేల మీదికి తేవాలి. సజ్జ కింద మంచం ఉంటే ఈ రాత్రికే జరపండి. బీరువాను పై అంచు దగ్గర రెండు ఎల్-క్లాంపులతో గోడకు బిగించండి.

సమస్య: ఊగుతున్నప్పుడు బయటికి పరుగెత్తాలా?

స్లాబు ఇంట్లో, అపార్టుమెంటులో వద్దు. మెట్ల మీద పడి, పిట్టగోడ ఇటుకలు తగిలి దెబ్బలు తింటారు. గట్టి బల్ల ఉంటే దాని కిందకి, లేకపోతే కిటికీకి, బీరువాకు దూరంగా లోపలి గోడ పక్కన చేరి, తల మీద దిండో చేతులో పెట్టుకోండి. మంచం మీద ఉంటే దిగకండి. మట్టిగోడల మీద బండలు పరిచిన పాత ఇంట్లో కింది అంతస్తులో ఉండి, వాకిలి రెండడుగుల్లో ఉంటే మాత్రం బయటికే వెళ్లండి.

సమస్య: ఫోన్ హెచ్చరించలేదు.

ఆండ్రాయిడ్ హెచ్చరిక 4.5 పైబడ్డ వాటికే. ప్రకంపన మీ కిందే పుడితే హెచ్చరిక చేరేలోపే అదురు వస్తుంది. సెట్టింగ్స్‌లో భూకంప హెచ్చరిక, లొకేషన్, డేటా ఆన్‌లో ఉంచండి.

సమస్య: గోడ బీటవారింది.

బీట దగ్గర కాస్త సున్నం గీకండి. పూత వరకే ఉంటే భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఇటుకలోకి దిగి, రూపాయి బిళ్ల దూరేంత ఉంటే ఆ గదిలో పడుకోవద్దు, ఇంజనీరును పిలవండి. సన్న బీటైతే అడ్డంగా కాగితం అంటించి తేదీ వేయండి. చిరిగితే బీట ఇంకా కదులుతోంది.