కెర్నెల్ కోడ్‌లో ఆబ్జెక్ట్ ఆయుష్షు: కామెంట్‌లో రాయనందువల్ల వచ్చే లోపాలు

లక్షణం: పరికరాన్ని ఊడదీసిన తరువాత, దాని ఫైల్‌ను అప్పటికే తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను మూయగానే లినక్స్ కెర్నెల్ ఊప్స్ (కెర్నెల్‌లో తీవ్రమైన లోపం జరిగిందనే నివేదిక) ఇస్తుంది. కెర్నెల్‌కు మెమరీ కేటాయించే స్లబ్‌లో పాయిజనింగ్ ఆన్‌లో ఉంటే, లాగ్‌లో పాయింటర్ ఉండవలసిన చోట 6బి6బి6బి6బి అని కనిపిస్తుంది. ఫ్రీ అయిన మెమరీని స్లబ్ నింపేది 6బి అనే బైటుతోనే.

కారణం: మెమరీ తప్పులను పట్టే కెర్నెల్ సాధనమైన కేసాన్‌తో మళ్లీ నడిపితే, తప్పుగా వాడిన చోటు, కేటాయించిన చోటు, ఫ్రీ చేసిన చోటు మూడు స్టాకులుగా (ఫంక్షన్ పిలుపుల వరుసలుగా) విడివిడిగా వస్తాయి. చాలామంది మొదటి స్టాకు దగ్గరే ఆగిపోతారు కానీ, ముందుగా చూడవలసింది మూడోది. అందులో డెవ్‌రెస్_రిలీజ్_ఆల్ (డ్రైవర్ విడిపోయేటప్పుడు దాని వనరులను వదిలే ఫంక్షన్) కనిపిస్తే విషయం తేలినట్టే: డెవ్ఎం_ ఫంక్షన్లతో తీసుకున్న మెమరీ డ్రైవర్ విడిపోయేదాకానే ఉంటుంది, తెరిచిన ఫైల్ మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. ఈ రెండు ఆయుష్షులు వేరని స్ట్రక్చర్ పైన ఎవరూ రాయలేదు కనుకనే, తరువాత వచ్చినవారు వాటిని ఒకటిగా భావించారు.

పరిష్కారం: స్ట్రక్చర్‌ను మెమరీ కేటాయించే మామూలు కెజడ్‌అలాక్‌తో తీసుకొని, అందులో కెరెఫ్ (ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంటర్) పెట్టి, మెమరీని వదిలే కెఫ్రీని ఆ కెరెఫ్ రిలీజ్ ఫంక్షన్‌లో మాత్రమే పిలవాలి. ఫైల్ తెరవడమూ పరికరం తొలగడమూ ఒకేసారి జరగవచ్చు కాబట్టి, ఆబ్జెక్ట్‌ను వెతికి రిఫరెన్స్ తీసుకునే భాగం లాక్ కిందే ఉండాలి. కెర్నెల్‌డాక్ కామెంట్ (కెర్నెల్ డాక్యుమెంటేషన్ కోసం కోడ్‌లోనే రాసే వివరణ; ఇందులో ప్రోబ్ అంటే పరికరాన్ని డ్రైవర్‌కు జతచేసే ఫంక్షన్) ఇలా ఉండాలి: “ప్రోబ్ ఒక రిఫరెన్స్‌ను, తెరిచిన ప్రతి ఫైల్ ఒక్కో రిఫరెన్స్‌ను పట్టుకుంటాయి; చివరిది వదిలినప్పుడు ఇది ఫ్రీ అవుతుంది.” “మెమరీని ఫ్రీ చేస్తుంది” అని మాత్రమే రాస్తే కోడ్ చెప్పినదే మళ్లీ చెప్పినట్టవుతుంది, ఎవరు పట్టుకున్నారు, ఎప్పటిదాకా అన్నదే చదివేవారికి కావాలి.

లక్షణం: డివైస్ ట్రీ (హార్డ్‌వేర్‌ను నోడ్‌లుగా వర్ణించే వృక్షం) పైన అదనంగా చేర్చిన ఓవర్లేను తొలగించేటప్పుడు, రిఫరెన్స్ కౌంట్ 1 ఉండవలసి ఉండగా 2 ఉందని లాగ్ ఫిర్యాదు చేస్తుంది. మెమరీ లీకులను వెతికే కెమెమ్‌లీక్ మాత్రం ఏమీ చూపదు, ఎందుకంటే ఆ నోడ్‌కు పాయింటర్ ఇంకా ఎక్కడో ఉంది.

కారణం, పరిష్కారం: ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్ లూప్ ప్రతి నోడ్‌పై రిఫరెన్స్ తీసుకొని తరువాతి చుట్టులో వదులుతుంది, మధ్యలో రిటర్న్ అయితే వదిలేవారుండరు. బయటపడే ముందు రిఫరెన్స్ వదిలే ఆఫ్_నోడ్_పుట్ పిలవాలి, లేదా పేరు చివర _స్కోప్డ్ ఉన్న రూపాన్ని వాడాలి. మీ ఫంక్షన్ నోడ్‌ను తిరిగి ఇచ్చేదైతే, కామెంట్‌లోని ‘రిటర్న్:’ భాగంలో కౌంట్ పెంచి ఇస్తున్నామనీ, వదలవలసింది పిలిచినవారేననీ తప్పక రాయండి.

లక్షణం: పరికరాన్ని కెర్నెల్‌లో నమోదు చేసే డివైస్_రిజిస్టర్ విఫలమైన ప్రతిసారీ పరికరం పేరున్న చిన్న స్ట్రింగ్ లీకైనట్టు కెమెమ్‌లీక్ చూపుతుంది.

కారణం, పరిష్కారం: ఎర్రర్ దారిలో కెఫ్రీని నేరుగా పిలిచారు. డివైస్_రిజిస్టర్‌ను పిలిచాక, అది విఫలమైనా సరే, రిఫరెన్స్ వదిలే పుట్_డివైస్ మాత్రమే వాడాలి. పేరును వదిలేది అదే. ఆ ఎర్రర్ లేబుల్ పక్కనే “ఇక్కడ కెఫ్రీ వద్దు, రిలీజ్ కాల్‌బ్యాక్ చేస్తుంది” అని ఒక వాక్యం ఉంచండి.