విల్లా సవోయ్ ప్లాన్‌ను గీస్తూ అర్థం చేసుకోవడం ఎలా?

పారిస్ శివార్లలోని ప్వాసీలో 1928–31 మధ్య కట్టిన ఇల్లు విల్లా సవోయ్. మన చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కోర్బూజియే, ఆయన చుట్టం పియేర్ జనరే దీన్ని డిజైన్ చేశారు. ఫొటోలో చూస్తే గడ్డి మీద కాళ్లు మోపిన తెల్ల డబ్బాలా ఉంటుంది. అందులో అంత గొప్పేముందో గీస్తేనే తెలుస్తుంది. ఒక ఎ4 కాగితం, స్కేలు, పెన్సిల్ చాలు.

ముందు పిల్లర్లు పెట్టండి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున 4.75 సెంటీమీటర్ల దూరంలో చుక్కలు, వరసకు ఐదు, ఐదు వరసలు. గోడల జోలికి ఇప్పుడే పోవద్దు. బరువంతా ఈ ఆర్‌సీసీ పిల్లర్లదే. నడిమధ్యలో మాత్రం ర్యాంపు వస్తుంది కాబట్టి అక్కడి చుక్కలు చెరిపి, పక్కకు జరపాలి. చక్కటి లెక్క చెడింది కదా అనిపిస్తుంది. నాకైతే ఈ ఇంట్లో నచ్చిందే అది!

తర్వాత స్లాబ్ గీయండి. ఎదురెదురుగా ఉన్న రెండు వైపుల పిల్లర్లు దాటి 1.25 సెంటీమీటర్లు బయటికి లాగండి. 19 వెడల్పు, 21.5 పొడవు వస్తుంది, కాగితంలో సరిగ్గా పడుతుంది.

కింది అంతస్తుకు వేరే కాగితం తీసుకుని అవే చుక్కలు పెట్టండి. స్లాబ్ అంచు కన్నా బాగా లోపలికి యు ఆకారంలో గోడ గీయండి. ఆ వంపు కారు తిరగడానికి పట్టే చోటును బట్టి వచ్చింది. కారు ఇంటి కిందకే వచ్చి, గుమ్మం దగ్గర మనుషుల్ని దింపి, గ్యారేజీలోకి పోతుంది. మన అపార్ట్‌మెంట్ల స్టిల్ట్ పార్కింగ్ గుర్తొస్తే తప్పేం లేదు.

పై అంతస్తుకు మళ్లీ మొదటి కాగితం. బయటి గోడ బరువు మొయ్యదు. పిల్లర్ల మధ్య ఇటుకలు పేర్చి, పైన ప్లాస్టరింగ్ చేసిందే. అందుకే కిటికీని ఈ చివర నుంచి ఆ చివరకు పట్టీలా లాగగలిగారు. హాలు పక్కన టెర్రస్ దగ్గరికొచ్చేసరికి అదే పట్టీలో అద్దం ఉండదు, ఖాళీ మాత్రమే. అవతల చెట్లు కనిపిస్తాయి. గీసేటప్పుడు అక్కడ అద్దం గీత వెయ్యకండి.

ఇప్పుడు ర్యాంపు. గుమ్మం ఎదురుగా మొదలై ఇంట్లోంచి మొదటి అంతస్తుకు, అక్కడి నుంచి టెర్రస్ మీదుగా ఆరుబయటే డాబాకు ఎక్కుతుంది. పక్కనే మెలిక తిరిగిన మెట్లున్నాయి. తొందరున్నవాళ్లు మెట్లెక్కుతారు, చూస్తూ పోయేవాళ్లకు ర్యాంపు.

చివరగా ఎర్ర పెన్సిల్‌తో కింద గుమ్మం లోపలి హాలు, ర్యాంపు, గ్యారేజీ గోడ దగ్గర గుర్తులు పెట్టండి. వాన పడితే నీళ్లు కారిందీ, చెమ్మెక్కిందీ అక్కడే. డాబా ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంటావిడ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరికి కోర్టు మాట కూడా ఎత్తింది. 1940లో, యుద్ధం వచ్చాక, ఆ కుటుంబం ఇల్లు వదిలి వెళ్లిపోయింది.