పాత కంప్యూటర్‌లో పాత ఆటలు – 4వ పాఠం: ఆ ఎర్రర్ ఎవరిది?

పోయిన పాఠంలో ఫ్లాపీ డ్రైవ్ హెడ్ శుభ్రం చేసుకున్నాం, డిస్కులు సరిగ్గా చదువుతోందో లేదో చూసుకున్నాం. ఈసారి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక వచ్చే ఎర్రర్ల సంగతి చూద్దాం. మన దగ్గరున్నది 486 ప్రాసెసర్, 8 ఎంబీ ర్యామ్, ఎంఎస్-డాస్ 6.22 (మిషన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, పొట్టిగా డాస్) ఉన్న మిషన్ అనుకోండి. కాస్త అటూఇటూగా ఉన్న మిషన్లకైనా పద్ధతి ఇదే. ఇక్కడ తెలుగులో రాసిన ఆదేశాలను మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి.

ఎర్రర్ రాగానే చాలామంది మళ్ళీ మొదటి డిస్కు పెట్టి ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. ముందు తెరమీద ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మాట చెబుతున్నది ఎవరు? డాసా, ఇన్‌స్టాల్ ప్రోగ్రామా, ఆటా? ఎవరికి కనిపించేది వారు చెబుతారు. అసలు కారణం వాళ్ళకు కనిపించని చోట ఉండొచ్చు. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ముందు డాస్. ఇన్‌స్టాలర్ గీసిన అందమైన నీలం పెట్టె మీద అడ్డదిడ్డంగా తెల్లక్షరాలతో 'అబార్ట్, రిట్రై, ఫెయిల్?' అని పడిందంటే మాట్లాడుతున్నది డాస్. డిస్కులో ఒక భాగాన్ని చదవలేకపోయింది, అంతే. డిస్కు బయటికి తీసి, వెనకనున్న లోహపు చక్రాన్ని వేలితో కాస్త తిప్పి, మళ్ళీ పెట్టి ఆర్ నొక్కండి. ఎఫ్ మాత్రం నొక్కొద్దు. ఎఫ్ నొక్కితే చదవడం కుదరలేదని డాస్ ఇన్‌స్టాలర్‌కు చెబుతుంది. మంచి ఇన్‌స్టాలర్ అక్కడే ఆగిపోతుంది. నిర్లక్ష్యంగా రాసినదైతే సగం ఫైలును అలాగే వదిలేసి ముందుకు పోతుంది. ఆ దెబ్బ ఆట సగంలో ఉన్నప్పుడు తగులుతుంది, అప్పుడు కారణం వెతకడం చాలా కష్టం.

అసలు ఫ్లాపీల నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అన్ని డిస్కులనూ ముందు హార్డ్ డిస్కులో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఏ డిస్కు పాడైందో అక్కడే తేలిపోతుంది. చాలా ఇన్‌స్టాలర్లు ఆ ఫోల్డర్ నుంచే పనిచేస్తాయి. ఫ్లాపీ డ్రైవ్ కావాల్సిందేనని పట్టుబట్టే వాటికి సబ్‌స్ట్ ఆదేశంతో ఆ ఫోల్డర్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి చూడండి. ఇంకో మాట: కోస్తా తేమలో ఏళ్ళ తరబడి పెట్టెలో పడున్న ఫ్లాపీలకు బూజు పడుతుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే ఆ డిస్కును డ్రైవ్‌లో పెట్టకండి. హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే మంచి డిస్కులూ పాడవుతాయి.

ఇక ఇన్‌స్టాలర్ మాటలు. 'డిస్కులో చోటు చాలదు' అనేది వాటిలో ముఖ్యమైనది. హార్డ్ డిస్కు నిండా ఖాళీ ఉన్నా ఇలా అంటుంటే, అది వేసే లెక్క చెడిందన్నమాట. అప్పటి ప్రోగ్రాములు చాలావరకు ఖాళీ చోటును బైట్లలో లెక్కించి, 2,147,483,647 దాటని సంఖ్యలో దాచుకునేవి. విండోస్ 98 మిషన్‌లో 6 జీబీ ఖాళీ ఉంటే ఆ లెక్క పొంగిపోయి రుణసంఖ్య అయిపోవచ్చు. ఖాళీ చోటు దగ్గర మైనస్ గుర్తు కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. మొదట చోటు ఉందని చెప్పి, కాపీ మధ్యలో అయిపోయిందంటుంది. డాస్ ఫైళ్ళను దాచే ఫ్యాట్16 పద్ధతిలో 1 జీబీ దాటిన పార్టిషన్‌లో (హార్డ్ డిస్కులో విడదీసిన భాగంలో) ప్రతి ఫైలుకూ కనీసం 32 కేబీ పోతుంది, ఫైలు 1 కేబీదే అయినా సరే. చిన్న ఫైళ్ళు 500 ఉంటే దాదాపు 16 ఎంబీ. ఇన్‌స్టాలర్ ఈ వృథాను లెక్కలో వేసుకోదు. రెండు సమస్యలకూ ఒకటే మందు: పాత ఆటల కోసం 500 ఎంబీ పార్టిషన్ ఒకటి విడిగా పెట్టుకోవడం. అందులో కనీస కేటాయింపు 8 కేబీయే. ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్లు మారిస్తే ఉన్న డేటా పోతుంది కాబట్టి ముందు బ్యాకప్ తీసుకోండి.

ఇన్‌స్టాలర్ తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని వచ్చి డాస్ ప్రాంప్ట్‌కు తోసేస్తే డిస్కుతో పనిలేదు, మీ మిషన్ వేగం ఎక్కువైంది. టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములు మొదలవుతూనే ప్రాసెసర్ వేగాన్ని కొలుస్తాయి. గడియారం ఒక్కసారి కొట్టే 55 మిల్లీసెకన్లలో లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగిస్తాయి. ఫలితం 65,535 దాటకూడదు. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన మిషన్లలో అది దాటిపోతుంది. భాగహారం విఫలమైందని ప్రాసెసర్ చెబితే, పాస్కల్ దాన్ని సున్నాతో భాగించినట్టు చూపిస్తుంది. మన 486లో ఇది రాదు. పెంటియం 2 వాడేవాళ్ళు బయోస్‌లో (మిషన్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగుల తెరలో) క్యాష్ మెమరీని ఆపి ఇన్‌స్టాల్ చేసి, తర్వాత మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆట మాట్లాడే సంగతి. ఎక్కువమందిని వేధించేది ఇదే: 8 ఎంబీ ర్యామ్ ఉంది, అయినా మెమరీ చాలదంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్‌కు మొత్తం 1 ఎంబీయే అందేది. అందులో 640 కేబీ ప్రోగ్రాములకు, మిగతా 384 కేబీ వీడియో కార్డుకు, రోమ్ చిప్పులకు వదిలేశారు. డాస్ చివరిదాకా ఆ గీత మీదే నడిచింది. ఆట 580 కేబీ కావాలంటే, ఆ 640లోనే కావాలని అర్థం.

మెమ్ /సి /పి అని టైప్ చేయండి. ఎవరెవరు ఎంత చోటు ఆక్రమించారో వరసగా చూపిస్తుంది. చివర్లో 'లార్జెస్ట్ ఎగ్జిక్యూటబుల్ ప్రోగ్రామ్ సైజ్' అనే వరస ఉంటుంది. మనకు కావలసిన సంఖ్య అదే.

తర్వాత మిషన్ రీస్టార్ట్ చేసి, 'స్టార్టింగ్ ఎంఎస్-డాస్' అని కనపడగానే ఎఫ్5 నొక్కండి. మిషన్ లేచేటప్పుడు డాస్ చదివే సెట్టింగుల ఫైళ్ళు కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ రెండూ పక్కన పెట్టి డాస్ ఒక్కటే లేస్తుంది. ఇప్పుడు ఆట నడిచిందంటే దొంగ ఆ రెండు ఫైళ్ళలోనే ఉన్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఎఫ్8 ఉంది. అది ఒక్కో వరసనూ చూపించి, నడపాలా వద్దా అని అడుగుతుంది. ఒకసారికి ఒక్క వరస మాత్రమే వదిలేస్తూ చూడండి. ఓపిక కావాలి గానీ, ఇంత నమ్మకమైన పద్ధతి ఇంకోటి లేదు.

కాన్ఫిగ్.సిస్‌లో వరస ముఖ్యం. ముందు హైమెమ్.సిస్ (1 ఎంబీ పైనున్న మెమరీని అందించే డ్రైవర్), తర్వాత ఈఎంఎం386 (640 కేబీ పైనున్న ఖాళీల్లో మెమరీ అందించే డ్రైవర్), ఆపైన డాస్=హై,యూఎంబీ (డాస్‌ను, డ్రైవర్లను 640 కేబీ పైకి పంపే వరస). మిగతా డ్రైవర్లను డివైస్‌హై తోనూ, ఆటోఎగ్జెక్‌లో మౌస్ లాంటివాటిని ఎల్‌హెచ్ తోనూ పైకి ఎక్కించండి. ఇలా చేస్తే చాలా మిషన్లలో 600 కేబీ దాటి ఖాళీ దొరుకుతుంది.

చిక్కంతా ఈఎంఎం386 దగ్గరే. ఆట ఈఎంఎస్ మెమరీ (640 కేబీకి అదనంగా విడతలుగా అందించే మెమరీ) అడిగితే ఈఎంఎం386 వరస చివర ర్యామ్ అని రాయాలి, కానీ అందుకు 640 కేబీ పైనున్న మెమరీలో 64 కేబీ ఖర్చవుతుంది. అడగకపోతే నోఈఎంఎస్ అని రాస్తే ఆ చోటు మిగులుతుంది. 1992 నాటి అల్టిమా 7 మెమరీని తన సొంత పద్ధతిలో నడుపుకుంటుంది కాబట్టి ఈఎంఎం386 ఉంటే అసలు లేవదు. 1993 నాటి డూమ్ తనతో తెచ్చుకున్న డాస్/4జీడబ్ల్యూ అనే మెమరీ ప్రోగ్రాముతో 640 గీత దాటి పోతుంది, దానికి కావలసింది మొత్తమ్మీద 4 ఎంబీ. అన్ని ఆటలకూ సరిపోయే ఒకే కాన్ఫిగ్.సిస్ కోసం వెతకడం వృథా శ్రమ. డాస్ 6 నుంచి అందులోనే మెనూ పెట్టుకునే వీలుంది. ఈఎంఎస్‌తో ఒకటి, ఈఎంఎస్ లేకుండా ఒకటి, హైమెమ్ మాత్రమే ఉన్నది ఒకటి, మూడు పెట్టుకోండి.

ఇంత శుభ్రం చేశాక కొన్ని పాత ఆటలు 'ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్' అంటాయి. ఫైలు నిక్షేపంలా ఉంటుంది. కుదించిన ఆ ప్రోగ్రాము తనను తాను విప్పుకునేటప్పుడు మెమరీలోని మొదటి 64 కేబీలో ఉంటే అడ్రసు లెక్క తప్పుతుంది. పాత డాస్‌లలో ఆ చోటులో డాసే కూర్చునేది కాబట్టి తప్పు బయటపడలేదు. 1991లో డాస్ 5 తాను 1 ఎంబీ పైనున్న మెమరీలోకి వెళ్ళి ఆ చోటు ఖాళీ చేశాక బయటపడింది. ఆట పేరు ముందు లోడ్‌ఫిక్స్ అని రాసి ఎంటర్ కొట్టండి, చాలు.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేయండి. మామూలుగా ఒకసారి, ఎఫ్5తో ఒకసారి మిషన్ లేపి మెమ్ చూపే సంఖ్యలను రాసి పెట్టుకోండి. అలాగే కేబినెట్ తెరిచి సౌండ్ కార్డు మీది జంపర్ల (సెట్టింగులు మార్చే చిన్న పిన్ తొడుగుల) ఫొటో తీసుకోండి. 220, ఐఆర్‌క్యూ 5, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అనే సౌండ్ కార్డు సెట్టింగుల సంఖ్యలతో 5వ పాఠం మొదలవుతుంది.