తక్కువ ఖర్చుతో ఆరుబయట టమాటా మొక్కల పెంపకం

టమాటా మొక్కకు ఖరీదైన కుండీకన్నా రోజుకు 6 నుంచి 8 గంటలు నేరుగా పడే ఎండ ముఖ్యం కనుక, ముందుగా అటువంటి చోటును ఎంచుకోవాలి. 15 నుంచి 20 లీటర్లు పట్టే పాత బకెట్టు అడుగున నాలుగైదు రంధ్రాలు చేస్తే కుండీ కొనవలసిన పనే ఉండదు. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా మాగిన కంపోస్టు కలపాలి. సగం కుళ్లిన ఎరువు వేళ్లను దెబ్బతీస్తుంది.

విత్తనాలను సుమారు అర సెంటీమీటరు లోతున విత్తి, తడి ఆరకుండా చూస్తే, వెచ్చని వాతావరణంలో వారం పది రోజుల్లో మొలకెత్తుతాయి. నాలుగైదు ఆకులు తొడిగిన నారును పైపైన నాటడం చాలామంది చేసే పొరపాటు. కాండాన్ని దగ్గరగా పరిశీలిస్తే సన్నని నూగు మధ్య అక్కడక్కడ చిన్న బుడిపెలు కనిపిస్తాయి. తేమగల మట్టి తగిలితే అవే వేళ్లవుతాయి. అందుచేత కింది ఆకులు తుంచి, కాండంలో సగానికి పైగా మట్టిలోకి దిగేలా నాటాలి. పైసా ఖర్చులేని ఈ పనికి మించిన ఉపాయం లేదని నా అభిప్రాయం. ఊతకర్రను కూడా ఆనాడే పాతాలి, ఆలస్యమైతే వేళ్లు తెగుతాయి.

నీటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తితే, కాయకు కాల్షియం సరిగా అందక దాని అడుగుభాగం నల్లబడుతుంది. ఇది తెగులు కాదు కాబట్టి మందులు కొట్టి ప్రయోజనం లేదు. మట్టిలోకి వేలు దించి, లోపల పొడిగా తగిలినప్పుడు, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీరు పోయాలి.